పడక బండికి మోటారు

మా కాలనీలో నన్నిప్పుడు పడక బండి మేడం అంటారు. ముప్పై ఏళ్లు ఇరిగేషన్ ఆఫీసులో కాలవల మ్యాపులు గీసి రిటైరైనదాన్ని. ఆ పేరు వచ్చినందుకు నాకేమీ బాధ లేదు. ఆ బండిని ఎవరు చూసినా అట్లాగే అంటారు. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి, మధ్యలో పడక్కుర్చీ లాంటి సీటు. నేలకు మూరెడెత్తు కూడా ఉండదు. దాంట్లో వెనక్కి వాలి కూర్చుని, కాళ్లు ముందుకు చాపి, ఎదురుగా ఉన్న పెడల్స్ తొక్కాలి. హ్యాండిల్ చేతులు వేలాడేచోట, తుంటికి రెండు పక్కలా ఉంటుంది.

అక్క ఉన్నన్నాళ్లు నాకు బండి అవసరం రాలేదు. మేం పుట్టింది రెంటచింతలలో. ఉద్యోగాలు మాత్రం ఇద్దరికీ డ్యాము పక్కన విజయపురి సౌత్‌లోనే వచ్చాయి. ఆమె నర్సు, నేను ట్రేసర్ని. ఇద్దరం పెళ్లి చేసుకోలేదు. ఆమె ఎందుకు చేసుకోలేదో నాకు తెలుసు. నేనెందుకు చేసుకోలేదో ఎవరైనా అడిగితే ఇప్పటికీ సరైన జవాబు దొరకదు. నాకు నలభై దాటాక లోపలి చెవికి జబ్బు చేసింది. మంచం మీద పడుకుంటే పైకప్పు తిరిగేది, నిలబడితే నేల పక్కకు జారేది. గుంటూరు డాక్టరు మందులిచ్చి, "తగ్గుద్ది గానీ పూర్తిగా పోదు. రెండు చక్రాల బండి జోలికి మాత్రం పోవద్దమ్మా" అన్నాడు. అప్పట్నుంచి ఎక్కడికి పోవాలన్నా అక్క మోపెడ్ మీద వెనక కూర్చుని, ఆమె భుజం పట్టుకునేదాన్ని. అట్లా పదిహేనేళ్లు గడిచాయి.

ఒక పొద్దున అక్క కాఫీకి నీళ్లు పెట్టి, వంటింట్లో స్టూలు మీద కూర్చుని, అట్లాగే పోయింది. నేను స్నానం చేసి వచ్చేసరికి నీళ్లు మరిగి సగమయ్యాయి. రెంటచింతలలో అమ్మ సమాధి పక్కన పెట్టి వచ్చాం. మోపెడ్‌ని ఆమెతో పనిచేసిన ఆయాకు ఇచ్చేశాను. అది తప్పు చేశానేమో. ఆయా ఆ బండి మీద మా వీధిలోంచి పోయినప్పుడల్లా ఆ చప్పుడుకి గేటు తీద్దామని లేచేదాన్ని.

మేముండే వైపు క్వార్టర్లు సగానికి సగం ఖాళీ. స్టాఫ్ రిటైరై పోయేకొద్దీ తలుపులూ కిటికీలూ కూడా పోయాయి, గోడల మధ్య చిల్లచెట్లు మొలిచాయి. ఆటోలు ఇటు రావు. నేను గోడ పట్టుకుని నడుస్తూ, కళ్లు తిరిగినప్పుడు ఏదో ఒక అరుగు మీద కూర్చుంటూ బజారుకి పోయొచ్చేదాన్ని. అలాంటి రోజుల్లో ఫోన్‌లో ఏదో వీడియో చూస్తుంటే, వెనక్కి వాలి బండి తొక్కుతున్న ఒక ముసలామె కనపడింది. మూడు చక్రాలు కాబట్టి పడటానికి లేదు. వారం రోజులు అదే చూశాను. చివరికి బెంగళూరులో ఒకాయన తన పాత బండి అమ్ముతున్నాడని తెలిసి, మాట్లాడి తెప్పించుకున్నాను. లారీ పార్సిల్లో మాచర్ల దాకా, అక్కడినుంచి గూడ్సు ఆటోలో ఇంటిదాకా వచ్చింది. ఆయన పంపిన బొమ్మ పక్కన పెట్టుకుని నాలుగు రోజులు కూర్చుని నేనే బిగించుకున్నాను.

మొదటిరోజు బజారులో కుళాయి దగ్గరున్న ఆడవాళ్లు బిందెలు వదిలేసి చూశారు. "ఏందమ్మా, పడుకోని తొక్కుతన్నావు?" అని ఒకామె అడిగింది. "తల తిరుగుద్దమ్మా, కూర్చుని తొక్కలేను" అన్నాను. ఆమె "అయ్యో" అని దారిచ్చింది. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. కానీ ఆ ఎత్తులో కూర్చుంటే మనుషుల మొహాలు కనపడవు. నడుములు, సంచులు, లుంగీ అంచులు కనపడతాయి. కుక్కలు మాత్రం సరిగ్గా నా కళ్లల్లోకి చూస్తాయి. తెలిసినవాళ్లు పలకరించినా నేను తలెత్తేలోపు దాటిపోయేవాళ్లు. లారీవాళ్లకు కనపడాలని వెనక కర్రకు ఎర్రజెండా కట్టుకున్నాను.

చిక్కంతా ఎత్తుతో వచ్చింది. బజారునుంచి మా ఇంటికి రావాలంటే అర కిలోమీటరు ఎత్తెక్కాలి. అక్క మోపెడ్ మీద ఉన్నప్పుడు అది ఎత్తని నాకెప్పుడూ తెలియలేదు. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం కూరగాయలేసుకుని వస్తుంటే సగంలో కాళ్లు ఆగిపోయాయి. దిగి తోద్దామంటే బండి మోకాళ్ల కిందకుంది, వంగితే కళ్లు తిరుగుతున్నాయి. బ్రేకు బిగించి అందులోనే కూర్చున్నాను. ఎండ మాడిపోతోంది. అటూ ఇటూ ఖాళీ ఇళ్లు. ముప్పావు గంట కూర్చుంటే ఒక్క మనిషి రాలేదు. నాకు భయమేమీ వేయలేదు. నేను ఇంటికి చేరలేదని ఈ ఊళ్లో ఎవరికీ అనుమానం రాదు కదా అని మాత్రం అనుకున్నాను. ఎండ కాస్త వాలాక, పది తొక్కులు తొక్కి ఆగుతూ, మళ్లీ పది తొక్కి ఆగుతూ ఇల్లు చేరాను.

ఆ సాయంత్రమే మోటారు గురించి వెతకటం మొదలుపెట్టాను.

వారం వెతికేసరికి అర్థమైంది, ఇలాంటి బండికి మోటారు రెండు చోట్ల పెట్టొచ్చు. ఒకటి వెనక చక్రం మధ్యలో, హబ్బులో. రెండోది ముందు పెడల్స్ దగ్గర, చైను లాగేటట్టు. హబ్బు మోటార్లలో మళ్లీ రెండు రకాలు. లోపల పళ్ల చక్రాలుండే చిన్నది, ఏమీ లేకుండా నేరుగా తిరిగే పెద్దది. అందరూ తమదే మంచిదంటారు. పళ్ల చక్రాలు అరుగుతాయని ఒకరంటారు, పెద్దది ఎత్తులో కాలిపోతుందని ఒకరంటారు, పెడల్స్ దగ్గరదైతే చైను తినేస్తుందని మరొకరు. నా బండికి చైను మూడు సైకిళ్ల చైనంత పొడుగుంది. ఎవరినన్నా మనిషిని అడిగితే బాగుండుననిపించింది.

మాచర్లలో మోటారు వైండింగ్ చేసే సాయిబుగారున్నారని మా పాల మనిషి చెప్పాడు. ఒక ఆదివారం బస్సెక్కి పోయాను. బస్టాండ్‌కి దగ్గర్లోనే కొట్టు. ముందంతా విప్పేసిన బోరు మోటార్లు, మధ్యలో పట్టా మీద రాగి తీగ చుడుతూ అరవై దాటిన మనిషి. కొట్టు వెనకే ఇల్లు, మధ్యలో పచ్చ తెర. నేను నా బండి బొమ్మ స్కేలుకు గీసుకుపోయాను. దాంతోపాటు మా ఎత్తు కూడా గీశాను. మా ఆఫీసులో కాలవకు గీసినట్టే, ఎన్ని అడుగులకు ఎంత లేస్తుందో చూపించే గీత.

ఆయన రెండు కాగితాలూ చానాసేపు చూశాడు. "ఎవరు గీశారమ్మా?"

"నేనే భాయ్."

"ఇంత నీటుగా నేను ఇంతవరకు చూళ్లేదు" అని పక్కనున్న స్టూలు చూపించాడు. "ఈ బండ్ల మోటార్లు నేను అమ్మను. కానీ మోటారు మోటారే. ఏది కొనాలో చెప్తా. ముందు ఒకటి చెప్పండి. ఎక్కడిదాకా పోవాల?"

ఈ ప్రశ్న నేను అనుకోలేదు. ఎత్తెక్కాలి అంతే, అని చెప్పాల్సింది. ఆయన పెన్సిలు పట్టుకుని నా మొహంలోకి చూస్తున్నాడు. బజారుదాకా అనటానికి నాకు నామోషీగా అనిపించింది.

"రెంటచింతల" అన్నాను.

"అంత దూరమా? అక్కడేముంది?"

"మా అక్క ఉంది."

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. నోట్లోంచి ఆ మాట అట్లాగే వచ్చింది. ఆయన తలూపి కాగితం మీద రాసుకున్నాడు. "అయితే చిన్నదాంతో కాదు. నలభై కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటది. మోటారుకి బరువుతో పేచీ లేదమ్మా. నిదానంగా పోతా బరువు లాగమంటేనే కాలిపోద్ది. ఇంత దూరానికైతే పెడల్ కాడ పెట్టేదే మేలు. గేరు తగ్గిస్తే బండి నిదానమైనా మోటారు స్పీడు మోటారుకుంటది."

తెర వెనకనుంచి ఆయన భార్య టీ తెచ్చింది. నన్ను "అక్కా" అని పిలిచి, మా అక్క వయసెంత, ఒంట్లో ఎట్లా ఉంటుంది అని అడిగింది. "మోకాళ్ల నొప్పులు" అన్నాను. నర్సుగా నిలబడి నిలబడి అక్కకు నిజంగానే మోకాళ్లు పోయాయి. నేను చెప్పినవాటిల్లో అదొక్కటే నిజం.

ఆ తర్వాత ప్రతి ఆదివారం పోయేదాన్ని. వారమంతా కొత్త ప్రశ్న ఒకటి తయారుచేసుకునేదాన్ని. బ్యాటరీ సీటు వెనక పెట్టాలా, కిందనా? ఎండలో బ్యాటరీ కాగదా? రెంటచింతల ఎండ సంగతి ఆయనకూ తెలుసు. "ఆ ఊళ్లో మనుషులే కాగిపోతారు, బ్యాటరీ ఎంత" అని నవ్వేవాడు. బండి బరువు, నా బరువు, సంచి బరువు కాగితం మీద కూడేవాళ్లం. మాచర్ల దాకా రోడ్డు ఎక్కడ లేస్తుందో, ఎక్కడ దిగుతుందో బస్సు కిటికీలోంచి చూసి గుర్తు పెట్టుకుని, ఇంటికొచ్చి గీసి, మళ్లీ ఆదివారం తీసుకుపోయేదాన్ని. ఒక వారం పెడల్ మోటారు ఖాయమనుకున్నాం. మరుసటి వారం నేనే చైను సంగతి తీసి పడగొట్టాను. ఇంకో వారం పెద్ద హబ్బు అనుకున్నాం. దానికి ఎత్తులో వేడి సంగతి గుర్తుచేశాను.

ఒకరోజు ఆయన, "అమ్మా, మీకు మోటారు కొనే ఉద్దేశముందా?" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే. నేను ఉందన్నాను. కానీ ఆ రోజు బస్సులో వస్తూ ఆలోచిస్తే, కొనేస్తే వచ్చే ఆదివారం ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. సోమవారం నుంచి శనివారం దాకా నేను మాట్లాడేది పాల మనిషితో రెండు ముక్కలు, కూరగాయలామెతో నాలుగు ముక్కలు.

వాళ్లు ప్రతిసారీ, "అక్క ఎట్టా ఉంది?" అనేవాళ్లు. "బానే ఉంది" అనేదాన్ని. అట్లా అన్నప్పుడు ఏ తప్పూ చేస్తున్నట్టనిపించేది కాదు. పైగా ఎవరో ఒకరు ఆమె గురించి అడుగుతున్నారని హాయిగా ఉండేది. ఒకసారి ఆయన భార్య గాజు సీసాలో నూనె పోసిచ్చింది. "ఆవనూనెలో వెల్లుల్లి, వాము వేసి కాచాను. పోయినప్పుడు ఇవ్వండి, మోకాళ్లకు రాసుకోమనండి" అంది. ఆ సీసా ఒళ్లో పెట్టుకుని బస్సులో ఇంటిదాకా వచ్చాను. రెండు రోజులు వంటింట్లో పెట్టి దాన్ని చూశాను. మూడో రోజు నా మోకాళ్లకు రాసుకున్నాను.

వానలు మొదలైన కొత్తలో ఒక ఆదివారం, నేను స్టూలు మీద కూర్చోకముందే ఆయన అన్నాడు, "అమ్మా, మన లెక్కలో ఒకటి మర్చిపోయాం. రెంటచింతల పోయి రావాలంటే అంత బ్యాటరీ బండి మోయలేదు. అక్కడ ఛార్జింగ్ పెట్టాల. ఎట్టాగూ బుధవారం నేను ఆ ఊరు పోతన్నా, ఒక రైతు బోరులో మోటారు దించేదుంది. మీ అక్క ఇల్లు ఎక్కడో చెప్పండి. ఎర్తింగున్న ప్లగ్గు ఉంటే సరే, లేకపోతే నేనే ఒకటి బిగించొస్తా."

తెర దగ్గరనుంచి ఆయన భార్య, "కాళ్లెట్టా ఉన్నాయో కూడా అడిగిరా" అంది.

నేను బొమ్మల చుట్ట విప్పబోయి ఆగిపోయాను. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. అక్క ఊళ్లో లేదనొచ్చు. కానీ ఆయన నా పనికోసం తన సంచిలో ప్లగ్గు పెట్టుకుపోతానంటున్నాడు.

"అక్కడ ప్లగ్గు ఉండదు భాయ్" అన్నాను.

"కరెంటు లేని ఇల్లా?"

"ఇల్లు కాదు. సమాధుల తోట."

ఆయన చేతిలోని తీగ చుట్ట కింద పెట్టాడు. రోడ్డు మీద ఏదో లారీ పోతోంది, అది పోయేదాకా ఆగాడు.

"ఎన్నాళ్లయింది?"

"వచ్చే నెలకి రెండేళ్లు."

ఎందుకట్లా చెప్పానని ఆయన అడుగుతాడనుకున్నాను. అడగలేదు. ఆయన భార్య మాత్రం దగ్గరకొచ్చి నా ఎదురుగా పట్టా మీద కూర్చుంది.

"మరి నూనె?"

"నేనే రాసుకున్నానమ్మా. నాకూ నొప్పులే."

"పని చేసిందా?"

"చేసింది."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "రోజూ నమాజైనాక ఆమె కాళ్లకోసం దువా చేస్తన్నానక్కా" అంది. నేను తల దించుకున్నాను. "పర్లేదులే. ఇక దువాలో మాట మార్చుకుంటా" అని లేచి, టీ పెట్టటానికి లోపలికి పోయింది.

ఆయన నా కాగితం వెనక్కి తిప్పాడు. "లెక్క మళ్లీ వేయాల. ఈసారి నిజంగా పోయే చోట్లు చెప్పండి."

చెప్పాను. బజారు. బస్టాండు. పెన్షన్ కోసం బ్యాంకు. ఆదివారం పొద్దున చర్చి. సాయంత్రం గాలికి కాలవ గట్టు. ఆయన ఒకదాని కింద ఒకటి రాసి, పక్కన కిలోమీటర్లు వేశాడు. అన్నిటికన్నా దూరం నాలుగు.

"ఇంకా?"

"ఇంతే."

పెన్సిలు కాసేపు కాగితం మీదే ఉంచాడు, నేనింకేదన్నా చెప్తానేమోనని. అప్పుడు దాన్ని చెవి మీద పెట్టుకుని, "అయితే ఇంత ఆలోచన అక్కర్లేదమ్మా. వెనక చక్రంలో చిన్న హబ్బు మోటారు, పళ్ల చక్రాలుండేది. మీ ఎత్తు అర కిలోమీటరే. అది వేడెక్కేలోపు మీరు ఇంట్లో ఉంటారు. పళ్లు అరిగితే అరిగినప్పుడు చూద్దాం. చిన్న బ్యాటరీ చాలు" అన్నాడు. మూడు నెలలు తేలని విషయం ఐదు నిమిషాల్లో తేలిపోయింది.

మోటారు బిగించిన చక్రం పది రోజుల్లో వచ్చింది. ఆయన ఒక మంగళవారం భార్యను కూడా తీసుకుని బస్సులో వచ్చాడు. ఆమె డ్యాము చూసి చానా ఏళ్లయిందట. నేను పొద్దున్నే లేచి పులిహోర చేశాను, ముగ్గురికి సరిపడా కాక ఆరుగురికి సరిపడా అయింది. అక్క పోయాక ఆ ఇంట్లో ముగ్గురు కూర్చుని తినటం అదే మొదలు. ఆయన వరండాలో పాత చక్రం విప్పి కొత్తది ఎక్కించి, వైర్లు ఫ్రేముకు కట్టి, గంటన్నరలో ముగించాడు. తొక్కి చూడమంటే, "పడుకోని తొక్కటం నాకు సిగ్గమ్మా" అన్నాడు. ఆమె ఎక్కి కూర్చుంది. వీధి చివరదాకా పోయి, మలుపు తిరగటం చేతకాక అక్కడే నవ్వుతూ కూర్చుంటే, మేమిద్దరం పోయి బండిని ఎత్తి ఇటు తిప్పాం.

సాయంత్రం నేను బండి మీద, వాళ్లు నడుస్తూ బస్టాండ్‌కి పోయాం. బస్సు కదిలేటప్పుడు ఆమె కిటికీలోంచి చెయ్యి ఊపింది. నేను కిందనుంచి ఊపాను. ఆ ఎత్తునుంచి ఆమెకు నేను కనపడ్డానో లేదో తెలియదు.

తిరుగు దారిలో మోటారు వేశాను. ఎత్తు రెండు నిమిషాల్లో అయిపోయింది. నేను ఏప్రిల్‌లో ఆగిపోయిన చోటు ఎప్పుడు దాటానో కూడా గమనించలేదు. ఇంటికొచ్చి గేటు వేసి, ఈ సంగతి ఎవరికి చెప్పాలా అని ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. వాళ్లింకా బస్సులోనే ఉంటారు. ఫోన్ పక్కన పెట్టి, మిగిలిన పులిహోర గిన్నెలోకి తీశాను.

వారం తర్వాత ఆయనే ఫోన్ చేశాడు. "మోటారు వేడెక్కుతుందా అమ్మా?"

కొంచెం వేడెక్కుతోందంటే ఆదివారం తీసుకురమ్మంటాడు, లేదా తనే వస్తాడు. ఆ మాట నాలుక మీదకి వచ్చింది కూడా.

"లేదు భాయ్. చల్లగానే ఉంటోంది."

"చప్పుడేమన్నా?"

"ఏమీ లేదు."

"అయితే మంచిదమ్మా" అన్నాడు. తర్వాత ఆయన ఫోన్ పెట్టేశాడు.

నవంబరులో సమాధుల పండగకి రెంటచింతలకు బస్సులోనే పోయాను. అక్క సమాధి మీద కొవ్వొత్తులు వెలిగించి, బంతిపూలు పెట్టి, అందరూ పోయేదాకా కూర్చున్నాను. వచ్చేటప్పుడు మాచర్లలో బస్సు మారాలి. అర గంట సమయముంది. కొట్టుకి పోవాలా వద్దా అని బస్టాండ్‌లో నిలబడి, చివరికి పోయాను.

సీజను కదా, కొట్టు ముందు పది మోటార్లు విప్పి ఉన్నాయి, రైతులు చుట్టూ నిలబడున్నారు. ఆయన తలెత్తి, "మోటారుకేమైందమ్మా?" అన్నాడు.

"ఏం కాలేదు భాయ్. ఊరికే వచ్చాను."

ఆయన చెయ్యి ఖాళీ లేదు. తెరవైపు చూసి భార్యను పిలిచాడు. ఆమె వచ్చి, నా చేతుల మీద మైనం మరకలు చూసి, ఎక్కడినుంచి వస్తున్నానో అడగకుండానే స్టూలు లోపలికి జరిపింది.

ఇప్పుడు నెలకోసారి పోతున్నాను. తీసుకుపోవటానికి బొమ్మలు లేవు, అడగటానికి ప్రశ్నలూ లేవు. ఆయన పని ఆయన చేసుకుంటాడు. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతుంటే నేనూ ఒక చేట తీసుకుంటాను. ఇద్దరం పెద్దగా మాట్లాడుకోం. ఆమె నమాజుకి లేచినప్పుడు నేనూ లేచి, చెప్పులేసుకుని, బస్టాండ్‌కి వస్తాను.